సరుకు బళ్లు, ప్రమాదాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సరుకు రవాణా భద్రత మీద ప్రశ్నలు పంపమని అడిగితే ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది డ్రైవర్ల మీదే రాశారు: నిద్ర, తాగుడు, స్పీడు. అవి లేవని ఎవరూ అనరు. కానీ బండి రోడ్డెక్కకముందే లోడు ఎక్కించే చోట, కాటా దగ్గర, షెడ్డులో ఖాయమైపోయే ప్రమాదాలు కూడా తక్కువేం కాదు. వాటి గురించి అడిగినవారు కొద్దిమందే. ఆ ఉత్తరాలకే ఈసారి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: లారీ, గూడ్సు రైలు, ఓడ. వీటిలో ఏది క్షేమం? ప్రమాదాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: మోసిన బరువుతో, తిరిగిన దూరంతో పోల్చి చూస్తే రోడ్డుదే అన్నిటికంటే చెడ్డ లెక్క. కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పిన ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. 2023లో మరణాలు 1.72 లక్షలు దాటాయి. ఇది లారీలది మాత్రమే కాదు, అన్ని బళ్లకూ కలిపిన లెక్క. ఇందులో అసలు చూడాల్సింది పోయినవాళ్లు ఎవరన్నది. 2022 మృతుల్లో 74,897 మంది బైకులూ స్కూటర్ల మీద ఉన్నవాళ్లు, 32,825 మంది నడిచి పోతున్నవాళ్లు. లారీల్లో ఉండి పోయినవాళ్లు సుమారు 6 శాతం. అందుకే లారీ భద్రత అంటే డ్రైవరు, క్లీనరు క్షేమం ఒక్కటే అనుకుంటే సరిపోదు.

రైల్వేలో తీరు వేరు. తీవ్రమైన ప్రమాదాలు 2000-01లో 473, 2014-15లో 135, 2024-25లో 31. పాత పట్టాలు మార్చారు, స్టేషన్లలో సిగ్నళ్లకూ, రైలును పట్టా మార్చే పాయింట్లకూ పొంతన తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు, బ్రాడ్‌గేజి మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులను 2019 జనవరికల్లా ఎత్తేశారు. తగ్గుదల నిజమే. కాకపోతే ఈ 31లోకి నష్టం ఒక స్థాయి దాటినవే వస్తాయి, యార్డుల్లో వ్యాగన్లు పట్టాలు తప్పిన చిన్నాచితకా ఘటనలు రావు. పైగా రైల్లో ఒక్క ప్రమాదం చాలు, ఏడాది లెక్కంతా తలకిందులవుతుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజారు దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్‌లైన్లోకి, అంటే బళ్లను ఆపి ఉంచే పక్క పట్టా మీదికి మళ్లి, అక్కడ ఆగి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. కారణం ఇంజన్‌లో లేదు, డ్రైవరులో లేదు. లెవెల్ క్రాసింగు గేటు పని కోసం సిగ్నలు వైర్లు మార్చి కలిపిన తీరులో ఉంది.

సముద్రం మీద పెద్ద ఓడలు పూర్తిగా నష్టపోవడం 1990ల్లో ఏటా 200కు పైగా ఉండేది. అలియాంజ్ బీమా సంస్థ లెక్కల్లో 2023లో అది 26. ఓడలు మునగడం తగ్గింది కానీ, కంటెయినర్లలో మంటలు మాత్రం తలనొప్పిగానే మిగిలాయి. లోపల ఏముందో నిజం చెప్పకుండా ఎక్కించడమే దానికి పెద్ద కారణం. విమానాల్లో కూడా ఇదే జబ్బు, లిథియం బ్యాటరీల రూపంలో. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధం. రేపు భోగాపురం విమానాశ్రయం నుంచి పార్సిలు పంపేవారు ఇది గుర్తుంచుకుంటే చాలు.

ప్రశ్న: రాత్రిళ్లు హైవే పక్కన ఆగిన లారీలను బైకులు వెనక నుంచి గుద్దుకుంటున్నాయి. లారీ ఆగే ఉంది కదా, తప్పు బైకువాడిదే అంటున్నారు. నిజమేనా?
– కిరాణా వ్యాపారి, నరసన్నపేట

జవాబు: లెక్క చూసి మీరే చెప్పండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైకు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని కన్ను పట్టి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను. అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకేస్తే బండి ఆగడానికి ఇంకో 24 మీటర్లు. మొత్తం 49. డిమ్‌లో పెట్టిన బైకు లైటుకు బురద కొట్టుకున్న, లైట్లు లేని లారీ వెనక భాగం కనపడేది మహా అయితే 40, 50 మీటర్ల నుంచి. అంటే నిబంధన ప్రకారం మామూలు వేగంతో, మందు ముట్టకుండా వెళ్తున్నవాడు కూడా అంచు మీదే ఉన్నాడు. ఎదురుగా మరో బండి హైబీమ్ వేసుకుని వస్తే ఆ 40 కూడా మిగలదు. తప్పు బైకువాడిదే అనడం అన్యాయం.

లారీవాళ్లు చేయాల్సినవి చిన్నవే. రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు, 50 మిల్లీమీటర్ల వెడల్పు. ఫిట్‌నెస్ రోజున అతికించి వదిలేస్తే లాభం లేదు. ఇసుక, బొగ్గు, కంకర తోలే బళ్లకు నాలుగు రోజుల్లో దుమ్ము పట్టేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. టార్పాలిన్ కిందికి వేలాడి టేపును, టెయిల్ లైటును కప్పేయకుండా మడిచి కట్టాలి. మేం ఎక్కువగా చూసే లోపం ఇదే.

రెండోది వెనక అడ్డంగా ఉండే ఇనుప బీము. బైకు, కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపేది అదే. దాని కింది అంచు నేలకు 550 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. టిప్పర్లలో అన్‌లోడింగుకు అడ్డమొస్తోందని దాన్ని పైకి వంచేస్తారు, కొందరు కోసేస్తారు. అలాంటి బండిని కారు గుద్దితే తగిలేది బంపరుకు కాదు, లారీ ప్లాట్‌ఫారం నేరుగా అద్దానికి, తలకాయకు తగులుతుంది. అప్పుడు సీటుబెల్టు, ఎయిర్‌బ్యాగు ఉన్నా పెద్దగా అక్కరకు రావు.

బండి చెడి ఆగిపోతే ముందు నాలుగు ఇండికేటర్లూ వేయాలి. ఎరుపు త్రికోణాన్ని బంపరుకు ఆనించి పెట్టడం దండగ. హైవే మీద వెనక్కి వంద అడుగులు కాదు, వంద మీటర్లు నడిచి పెట్టాలి. వంపు ఉంటే వంపు మొదట్లో పెట్టాలి. త్రికోణం లేక రాళ్లూ కొమ్మలూ పేర్చేవాళ్లు, బండి బాగయ్యాక వాటిని తియ్యకుండా పోతారు. ఆ రాళ్ల మీద పడే బైకు గురించి ఎవరూ రాయరు. పోలీసు రికార్డులో అది బండి అదుపు తప్పడం కింద చేరిపోతుంది.

ప్రశ్న: కోతల రోజుల్లో గడ్డి ట్రాక్టర్లు, రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టడం గురించి కూడా రాయండి.
– రైతు, గజపతినగరం మండలం

జవాబు: ట్రాక్టరు ఇంజనుకు లైట్లుంటాయి, వెనక తగిలించే ట్రక్కుకు ఉండవు. ఉన్నా వైరు కలిపి ఉండదు. గడ్డి వేస్తే రెండు పక్కలా ట్రక్కు దాటి వేలాడుతుంది, వెనక రిఫ్లెక్టర్లు గడ్డిలో కప్పుకుపోతాయి. కాబట్టి రిఫ్లెక్టరు ట్రక్కు చెక్కకు కాదు, గడ్డి అంచు దాటి వచ్చేలా కట్టిన కర్రకు ఉండాలి, రెండు పక్కలా. కట్టిన గడ్డి వెడల్పు ఎంతో వెనకవాడికి ఆ రెండు కర్రలే చెప్తాయి. చీకటి పడ్డాక హైవే ఎక్కకపోవడం ఇంకా మంచిది.

ధాన్యం సంగతి: గింజల మీద బైకు టైరు జారుతుందన్నది ఒక ఎత్తు. కుప్ప చుట్టూ పెట్టే రాళ్లు, రాత్రి కప్పే నల్ల టార్పాలిన్ ఇంకో ఎత్తు. కళ్లాలు లేక రోడ్డెక్కుతున్నారని తెలుసు. తప్పనిసరైతే హైవే వదిలి ఊరి రోడ్డు మీద, ఒక్క వైపే, పొద్దు వాలేలోపు తీసేసేలా చూసుకోండి.

ప్రశ్న: గ్రానైటు దిమ్మ లారీ మీంచి జారిపడకుండా ఎన్ని చైన్లు కట్టాలి? దిమ్మ బరువే దాన్ని కదలకుండా ఉంచుతుందని మా దగ్గర నమ్మకం.
– క్వారీ సూపర్‌వైజరు, టెక్కలి

జవాబు: ఆ నమ్మకమే ముందు పోవాలి. బరువు పెరిగితే రాపిడి పెరుగుతుంది, నిజమే. బ్రేకేసినప్పుడు ముందుకు తోసే బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 5 టన్నుల దిమ్మ జారే చోట 20 టన్నులదీ జారుతుంది. తేడా అల్లా అది క్యాబిన్‌ను ఎంత నలిపేస్తుందన్నదే.

మొదట బరువు తేల్చుకోండి. మీ గ్రానైటు ఘనమీటరు సుమారు 2.7 టన్నులు. 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు దిమ్మ 6.75 ఘనమీటర్లు, అంటే 18.2 టన్నులు. అదే 3.2, 1.8, 1.6 అయితే 9.2 ఘనమీటర్లు, దాదాపు 25 టన్నులు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇంకో మెలిక ఉంది. బిల్లుకు రాసే కొలత నికరం, అంచుల తరుగు తీసేసి వేస్తారు. లారీ మోసేది తరుగుతో కలిపిన రాయిని. బిల్లు చూసి బరువు కట్టేవాళ్లు ప్రతిసారీ తక్కువ అంచనా వేస్తారు. అందుకని కొలతను నమ్మకండి, కాటా చీటీనే నమ్మండి.

ఇప్పుడు కట్టడం. గట్టి బ్రేకు పడితే సరుకు బరువులో 0.8 వంతు బలం ముందుకు తోస్తుందని, మలుపుల్లో పక్కలకు, ఎత్తెక్కేటప్పుడూ కదిలేటప్పుడూ వెనక్కి 0.5 వంతు తోస్తుందని లెక్కవేసి కట్టడం అంతర్జాతీయ పద్ధతి. 18 టన్నుల దిమ్మకు ముందువైపు 14.4 టన్నులు ఆపాలి. దిమ్మ కింద పొడి చెక్క దుంగలు వేస్తే రాపిడి 0.4 వంతు, అంటే 7.2 టన్నులు ఆపుతుంది. మిగతా 7.2 చైన్లు ఆపాలి. 10 మిల్లీమీటర్ల గ్రేడు 8 చైను నేరుగా లాగితే 6.3 టన్నులు ఓర్చుకుంటుంది. వాలుగా కట్టినప్పుడు అడ్డంగా ఉపయోగపడేది ఓ 5 టన్నులు అనుకోండి. ముందుకు జారకుండా రెండు, వెనక్కి జారకుండా రెండు. మొత్తం నాలుగు చైన్లు, నాలుగు మూలల నుంచీ ఏటవాలుగా, వేటికవే విడిగా. అలా కడితే పక్కలకు కావలసిన బలం కూడా వాటిలోనే వచ్చేస్తుంది.

ఇదంతా పొడి చెక్క మీద లెక్క. క్వారీ బురద, రాతిపొడి తడిసిన పేస్టు, ఇనుప ప్లాట్‌ఫారం మీద నేరుగా దించిన దిమ్మ, వీటిలో ఏదైనా సరే రాపిడి సగానికి పడిపోతుంది. అప్పుడు రాపిడి ఆపేది 3.6 టన్నులే, చైన్ల మీద పడేది 10.8. నిన్న సరిపోయిన రెండు చైన్లు ఈరోజు వానలో చాలవు. లోడు ఎక్కించే ముందు ప్లాట్‌ఫారం కడగడానికి రెండు బిందెల నీళ్లు, ఒక చీపురు చాలు. అంత చవకైన భద్రత ఇంకోటి లేదు.

ఇంకొన్ని. దిమ్మ పదునైన అంచు మీద చైను నేరుగా ఆనకూడదు, ఒక లింకు మీదే భారం పడి తెగుతుంది, మధ్యలో మందపాటి రబ్బరో ఇనుప కోణమో పెట్టండి. అంచు గీరుకుంటే నైలాన్ బెల్టు ఇంకా తొందరగా తెగుతుంది, గ్రానైటుకు బెల్టు వద్దు. చైను బిగించాక ఐదారు కిలోమీటర్లు పోయి ఆపి మళ్లీ బిగించాలి, దుంగలు నలిగి సర్దుకుంటాయి కాబట్టి చైను కచ్చితంగా వదులవుతుంది. రెండు దిమ్మలు వేస్తే రెంటినీ కలిపి ఒకే చైనుతో చుట్టకండి. ఒకటి కదిలితే రెండోదీ వదులైపోతుంది. ముందు పక్క ఖాళీ వదలకండి, క్యాబిన్ వెనక గోడకు దిమ్మకు మధ్య జాగా ఎంత ఉంటే జారే దిమ్మ అంత వేగం పుంజుకుంటుంది. జాగా తప్పనిసరైతే ప్లాట్‌ఫారానికి బోల్టు చేసిన అడ్డు దూలం పెట్టండి. ఊరికే మేకు కొట్టిన చెక్క దాన్ని ఆపలేదు.

ఓవర్‌లోడు సంగతి కూడా అడిగారు. 2018 జూలైలో కేంద్రం యాక్సిలు బరువులు పెంచింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిలుకు 11.5 టన్నులు, జంట యాక్సిలుకు 21 టన్నులు. అది కొత్త హద్దు. దాని మీద మళ్లీ వెసులుబాటు వెతకొద్దు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరణ తరవాత అదనపు లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 చొప్పున పైన జరిమానా. కాటా ఎక్కకుండా తప్పించుకుంటే 40,000. ఎక్కువైంది దించాకే బండి కదలాలి. గ్రానైటు దిమ్మను రోడ్డు మీద ఎలా దించుతారో ఆలోచిస్తే క్వారీలోనే కాటా ఎందుకు పెట్టుకోవాలో తెలుస్తుంది.

ప్రశ్న: కోరాపుట్ నుంచి సాలూరు వైపు సుంకి, పి.కోనవలస ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పట్టవు. లైనర్లు కొత్తవే. ఎందుకు?
– లారీ డ్రైవరు, విజయనగరం

జవాబు: కొత్త లైనరు వేడిని ఆపదు. 28 టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే ఆ దిగుడు మొత్తం ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. దాదాపు నాలుగు లీటర్ల డీజిలు తగలబెడితే వచ్చేంత వేడి అది. ఇంజనుకు దాన్ని బయటికి పంపే రేడియేటరు, ఫ్యాను ఉన్నాయి. డ్రమ్ముకు ఏమీ లేవు. వేడికి లైనరు పట్టు తగ్గుతుంది, డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, గాలి ఒత్తిడితో బ్రేకును తోసే చాంబరు రాడ్డు చివరిదాకా వచ్చేస్తుంది. గేజీలో గాలి నిండుగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మీరు చెప్పింది అదే. ఏబీఎస్ ఉంది కదా అనుకోకండి. చక్రం బిగుసుకుపోకుండా చూడటమే దాని పని, వేడికి పట్టు పోయిన బ్రేకును అది తిరిగి తేలేదు.

దిగుడు మొదలయ్యే ముందు చదునుగా ఉన్నచోట ఆపండి. ఎయిరు గేజీ నిండేదాకా ఆగి, ఇంజను ఆపి, బ్రేకు పెడలు గట్టిగా ఒక నిమిషం తొక్కి ఉంచండి. ముల్లు పడిపోతున్నా, బుస్సుమన్నా లీకు ఉన్నట్టే. గాలి ట్యాంకు అడుగున కుళాయి తిప్పి నీళ్లు వదలండి. క్లీనరు కిందికి దూరి ప్రతి చాంబరు రాడ్డు ఎంత బయటికి వస్తోందో చూడాలి, ఒక పక్కది ఎక్కువ, ఒక పక్కది తక్కువ వస్తుంటే బ్రేకు వదులు సరిచేసే స్లాక్ అడ్జస్టరు సరిగ్గా లేదు, ఉన్న బ్రేకుల్లో సగమే పని చేస్తున్నాయి.

గేరు: ఆ ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో అదే గేరు, లోడు నిండుగా ఉంటే ఇంకోటి కిందిది. పైనే వేసుకోవాలి. సగం దిగాక స్పీడు మీద కింది గేరు పడదు, మధ్యలో న్యూట్రల్‌లో చిక్కుకుంటే ఇక చేతిలో ఏమీ ఉండదు. ఇంజను పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు మొదటి నుంచి ఆన్‌లో ఉంచండి. కాలి బ్రేకును తేలికగా తొక్కి పట్టి ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వేగం పెరిగితే గట్టిగా తొక్కి గంటకు పది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగాక మళ్లీ. వదిలిన ఆ కాసేపే డ్రమ్ముకు గాలి తగిలేది.

డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లకు ఒక్క మాట. కొత్త ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిలు అసలు పోదు. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి డీజిలు కావాలి. ఆదా అన్నది లేనే లేదు. ఇంజను ఆపేస్తే కంప్రెసరు ఆగుతుంది, పవర్ స్టీరింగు పోతుంది, తాళంచెవి తీస్తే స్టీరింగు లాకే పడొచ్చు.

కాలిన వాసన వస్తే ఆపండి. టైర్లకు అడ్డు దిమ్మలు పెట్టి అరగంట, ముప్పావుగంట చల్లారనివ్వండి. కాగిన డ్రమ్ము మీద నీళ్లు కొట్టకండి, పగులుతుంది. ఆ పగులు ఆరోజు కనపడదు.

ప్రశ్న: పైడిభీమవరం కంపెనీలకు వెళ్లే ట్యాంకర్లు మా ఊరి మీదుగా పోతాయి. ఏదైనా బోల్తా పడితే మేం ఏం చేయాలి?
– గ్రామ వార్డు మెంబరు, రణస్థలం మండలం

జవాబు: దగ్గరికి పోకుండా, గాలి మీ వీపు మీదుగా ట్యాంకరు వైపు వీచే పక్కన నిలబడి, ట్యాంకరుకున్న పలక మీద సరుకు ఏమిటో చెప్పే నాలుగంకెల నంబరు చదవండి. ఫోను కెమెరాలో జూమ్ చేస్తే దూరం నుంచే కనపడుతుంది. 1203 పెట్రోలు, 1230 మిథనాల్, 1294 టొల్యూన్, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా, 1789 హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1830 సల్ఫ్యూరిక్ ఆమ్లం. 112కి చేసినప్పుడు ‘ఏదో కెమికల్ ట్యాంకరు’ అనకుండా ఆ నంబరు చెప్తే అగ్నిమాపక సిబ్బంది సరైన సరంజామాతో బయల్దేరతారు. పలక మీదే కంపెనీ అత్యవసర ఫోను నంబరు కూడా ఉండాలి. డ్రైవరు స్పృహలో ఉంటే క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు ఉందా అని అడగండి, ఆ సరుకుకు ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది.

మండే ద్రవం పెద్దగా కారుతుంటే కనీసం 300 మీటర్లు, ట్యాంకరుకు మంట అంటుకుంటే 800 మీటర్లు, వంటగ్యాసు ట్యాంకరు మంటల్లో ఉంటే కిలోమీటరున్నరకు పైనే జనాన్ని తరలించాలి. టొల్యూన్, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, రోడ్డు పక్క కాలవ వెంట పల్లానికి పాకుతుంది. రెండు వందల గజాల అవతల టీకొట్టు పొయ్యి చాలు దానికి. ఆమ్లం మీద బిందెలతో నీళ్లు పోయడం వద్దు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉడికి చిమ్ముతుంది.

డబ్బాలు పట్టుకుని నూనె పట్టుకోవడానికి వచ్చేవాళ్లను ఆపడమే మీ అసలు పని. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియాలో బోల్తాపడిన ట్యాంకరు దగ్గర పెట్రోలు పట్టుకుంటూ 200 మందికి పైగా కాలిపోయారు.

ట్యాంకర్లు ఎందుకు ఎక్కువ బోల్తా పడతాయని కూడా అడిగారు. నిండు ట్యాంకు కన్నా సగం ట్యాంకు ప్రమాదం. మలుపులో ద్రవం మొత్తం ఒక పక్కకు వెళ్లి గోడను తోస్తుంది, స్టీరింగు సరిచేసేసరికి ఎదురు తిరిగి రెండో పక్కకు కొడుతుంది. లోపలి అడ్డుగోడలు ముందు వెనకల ఊపును తగ్గిస్తాయి గానీ పక్కల ఊపుకు అంతగా పనికిరావు. అందుకే ట్యాంకర్లకు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడు గవర్నరు పెట్టారు. సర్వీసు రోడ్డులోకి తిరిగే మలుపుకు అది కూడా ఎక్కువే.

ప్రశ్న: విశాఖ రేవు నుంచి జీడిగింజల కంటెయినర్లు మా మిల్లుకు వస్తాయి. జాగ్రత్తలేమిటి?
– జీడి వ్యాపారి, పలాస

జవాబు: తలుపు తీసే చోటే మీ ప్రమాదం ఉంది. పురుగు పట్టకుండా గింజలకు ఫాస్ఫీన్ గ్యాసు పెట్టి పంపే అవకాశం ఉంది. తలుపు మీద పుర్రె బొమ్మతో హెచ్చరిక అంటించి ఉందా, గాలిరంధ్రాలకు టేపు వేసి ఉందా చూడండి. ఉన్నా లేకపోయినా హమాలీలను వెంటనే ఎక్కించకండి. రెండు తలుపులూ బార్లా తెరిచి గంటల తరబడి గాలాడనివ్వాలి, మీటరు ఉన్నవాళ్లతో కొలిపిస్తే ఇంకా మంచిది. వెల్లుల్లి వాసన వస్తే ఉన్నట్టే. రాకపోతే లేనట్టు కాదు.

బస్తాలు ప్రయాణంలో జరిగి తలుపుకు ఆనుకుని ఉంటాయి. ముందు కుడి తలుపు కొద్దిగా, దాని వెనక ఉండి తీయాలి, ఎదురుగా నిలబడకూడదు. లోపల పైకప్పు నుంచి చెమ్మ కారి పై వరస తడిసి ఉంటే ఆ బస్తాలు వేరు చేయండి. తడి గింజ కుప్పలో తనంతట తనే వేడెక్కుతుంది.

రేవు నుంచి వచ్చే ట్రెయిలరుకు నాలుగు మూలలా కంటెయినరును పట్టి ఉంచే ట్విస్ట్ లాకులు వేశారా లేదా అన్నది గేటులో చూసుకోండి. తాడుతో కట్టిన కంటెయినరు మలుపులో విడిగా పడిపోతుంది. బరువు విషయంలో, 2016 జూలై 1 నుంచి తూచి ధ్రువీకరించని కంటెయినరును ఓడెక్కించకూడదని నిబంధన. సముద్రంలో పడిపోయిన కంటెయినర్లు 2023లో 221, 2024లో 576. ఏటా కదిలే 25 కోట్లలో ఇది గింజంతే. కానీ అందులో ఏముందన్నదే ముఖ్యం. 2025 మేలో కేరళ తీరంలో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా-3లో కాల్షియం కార్బైడు కంటెయినర్లు 12 ఉన్నాయి. నీళ్లు తగిలితే మండే వాయువు పుట్టించే సరుకది.

ప్రశ్న: మా ఊరి దగ్గర గూడ్సు గంటలకొద్దీ ఆగుతుంది. పిల్లలు కిందనుంచి దూరి బడికి పోతున్నారు.
– గృహిణి, కొత్తవలస

జవాబు: ఇంజను అర కిలోమీటరు అవతల ఉంటుంది. అక్కడ కదిలిన చప్పుడు ఇక్కడికి వచ్చేసరికి వ్యాగన్లను కలిపే కప్లింగుల వదులంతా ఒక్కసారి బిగిసి, మీ ముందున్న వ్యాగను ఝటక్కున కదులుతుంది. హారను వినపడి తప్పుకునే టైము ఉండదు. పైకెక్కి దాటడం ఇంకా ఘోరం. తీగలో 25,000 వోల్టులు, ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోతే చాలు కొడుతుంది. ఊరంతా కలిసి సబ్‌వే కోసం డివిజనల్ రైల్వే మేనేజరుకు అర్జీ పెట్టండి. అప్పటిదాకా బడి వేళల్లో ఒక పెద్దమనిషి అక్కడ కాపలా ఉండాలి.

ప్రశ్న: మా పొలంలో నూనె పైపులైను ఉంది. బోరు వేసుకోవచ్చా?
– రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పైపులైను హక్కుల పట్టీలో, అంటే కంపెనీకి వాడుకునే హక్కున్న 18 మీటర్ల వెడల్పులో, వద్దు. పారాదీప్ – హైదరాబాద్ పైపులైను మన జిల్లాల మీదుగానే పోతుంది. ఆ పట్టీలో వరి, అపరాలు వేసుకోవచ్చు. ఇల్లు, బావి, చెరువు, పెద్ద చెట్లు కుదరవు. పైపులైన్లు మామూలుగా చాలా క్షేమం, దెబ్బతీసేవి ఎక్కువగా జేసీబీ పళ్లు, దొంగ కన్నాలు, తుప్పు. జేసీబీ పెట్టే ముందు పొలంలోని గుర్తు స్తంభం మీద ఉన్న నంబరుకు ఫోను చేయండి, వాళ్ల మనిషి వచ్చి లోతు చూపిస్తాడు.

ప్రశ్న: ప్రమాదం జరిగితే ఆగితే జనం కొడతారు, పారిపోతే కేసు. డ్రైవరు ఏం చేయాలి?
– లారీ ఓనరు, చీపురుపల్లి

జవాబు: మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ఈ సంగతి ముందే ఊహించింది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. జనం ఆగ్రహం లాంటి తన చేతిలో లేని కారణంతో కుదరకపోతే మినహాయింపు ఉంది. అయినా 24 గంటల్లోపు దగ్గరి స్టేషనుకు తెలియజేయాలి. కాబట్టి ప్రాణభయం ఉంటే బండి నుంచి దూరంగా పోవచ్చు, కానీ పోతూనే 108కి, 112కి ఫోను చేసి నేరుగా స్టేషనుకే పోవాలి. ఆ రెండు కాల్స్ రికార్డే రేపు అతను పారిపోలేదని చెప్పే సాక్ష్యం. జాతీయ రహదారి మీద 1033 కూడా పలుకుతుంది, టోల్ అంబులెన్సు, క్రేను వస్తాయి. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే కొత్త భారతీయ న్యాయ సంహితలో ఉన్న పదేళ్ల శిక్ష గురించి భయపడుతున్నారు. 106(2) అనే ఆ సెక్షనును 2024 జనవరి డ్రైవర్ల సమ్మె తరవాత అమల్లోకి తేకుండా ఆపి ఉంచారు.

ఓనరుగా మీరు చేయాల్సింది: ఫిట్‌నెస్, బీమా, లైసెన్సు కాగితాల నకళ్లు ఆఫీసులోనూ ఉంచండి, బండిలోనివి కాలిపోవచ్చు. బండిని కదిలించకముందే టైరు గుర్తులు, లోడు, వెనక లైట్లు ఫొటోలు తీయించండి. గాయపడినవారి ఇంటివాళ్లకు ఒక మాట చెప్పించండి: 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. గుర్తు తెలియని బండి గుద్ది పోయిన కేసులో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 పరిహారం వేరే ఉంది, దానికి ఎఫ్‌ఐఆర్ నకలుతో దరఖాస్తు చేసుకోవాలి.